హైవే వేగం కోసం స్కూటర్ సీవీటీలో ఏం మార్చాలి?

మీ 125 సీసీ స్కూటర్ గంటకు 70 కిలోమీటర్లు దాటగానే ఇంజిన్ మోత పెరుగుతోందే తప్ప వేగం పెరగడం లేదని, సీవీటీ (బెల్టు, రెండు పుల్లీలతో గేరును దానంతటదే మార్చే అమరిక) రోలర్లు, అంటే ముందు పుల్లీలోని దొర్లే చిన్న బరువులు మార్చాలా, వెనుక చక్రాన్ని తిప్పే ఫైనల్ గేర్లు మార్చాలా అని అడిగారు. ఇదే ఇబ్బందితో రెండేళ్లు తంటాలు పడి, ఆ రెండూ మార్చి చూసినవాణ్ణి కనుక, ఏ భాగమూ కొనకముందే ఒక పని చేయమని కోరుతున్నాను. ఇప్పుడున్న బెల్టు ముందు పుల్లీ మీద ఎంత పైదాకా ఎక్కుతోందో చూడండి.

దానికి ఒక మార్కర్ పెన్ను చాలు. సీవీటీ మూత విప్పి, ముందు పుల్లీలో బెల్టు ఆనే ముఖంపై లోపలి నుంచి అంచు దాకా ఒక నిలువు గీత గీసి, మూత బిగించి, ఖాళీ రోడ్డుపై బండిని అది అందుకోగలిగినంత వేగానికి తీసుకెళ్లి, తిరిగి వచ్చి చల్లారాక మళ్లీ విప్పితే, బెల్టు రాసుకున్నంత మేర సిరా చెరిగిపోయి కనిపిస్తుంది. నా బండిలో అంచు దగ్గర సుమారు 5 మిల్లీమీటర్ల గీత చెక్కుచెదరకుండా మిగిలింది. అంటే బెల్టు అంచుకు చేరితేనే అందే పై గేరు నిష్పత్తిని నేను ఒక్కసారి కూడా వాడుకోలేదన్నమాట.

కారణాలు రెండు కనిపించాయి. బెల్టు అరిగి సన్నబడితే, పుల్లీ రెండు పలకలూ పూర్తిగా దగ్గరకు వచ్చినా అది మునుపటంత ఎత్తుకు చేరదు. వెర్నియర్ కొలబద్దతో కొలిస్తే నా బెల్టు వెడల్పు కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కనిష్ఠ కొలత కంటే తక్కువగా ఉంది. ఇక ఆరు రోలర్లలో నాలుగింటికి ఒకవైపు గోరు పట్టేంత చదును పడింది; బల్లమీద పెట్టి తోస్తే దొర్లకుండా అక్కడే ఆగిపోయాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ రోలర్లు బయటికి జరుగుతూ కదిలే పలకను నెట్టాలి, ఆ ఒత్తిడికి బెల్టు పైకి ఎక్కాలి. చదునుపడిన రోలరు ఆ దారిలో చివరిదాకా వెళ్లలేదు. అదే బరువున్న కొత్త రోలర్లు, కొత్త బెల్టు వేసిన తరువాత గీత దాదాపు అంచు వరకు చెరిగింది, 70 దగ్గర ఇంజిన్ మోత స్పష్టంగా తగ్గింది. నా దృష్టిలో హైవే కోసం చేయదగిన మొదటి అప్‌గ్రేడ్ అదే.

రోలర్ల బరువు తగ్గిస్తే గరిష్ఠ వేగం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి తేలిక రోలర్లు బెల్టును ఆలస్యంగా పైకి నెడతాయి, కాబట్టి ఇంజిన్ ఎక్కువ తిరుగుడులో ఉండి పికప్పు బాగుంటుంది, ఎత్తు రోడ్లు సులభమవుతాయి. మరీ తేలికైతే బెల్టు అంచు దాకా చేరనే చేరదు. బరువైనవి వేస్తే సమ వేగంలో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కానీ, ఎదురుగాలిలో ఈడ్చుకుపోతుంది. నేను 13 గ్రాముల స్థానంలో 11 వేసి చూశాను. సిగ్నల్ దగ్గర హుషారుగా కదిలిన బండి, ఓవర్‌టేక్ చేయబోతే కేకలు పెట్టింది. మార్చదలిస్తే ఒక్కో గ్రాము చొప్పున మార్చి, ప్రతిసారీ ఆ గీత పరీక్ష చేయండి. వెనుక పుల్లీ పలకలను దగ్గరకు నొక్కే కాంట్రా స్ప్రింగ్‌ను మాత్రం హైవే కోసం గట్టిది వేయకండి. అది ముందు పుల్లీ అంచు నుంచి బెల్టును వెనక్కి లాగుతూ వేడి పెంచుతుంది.

ఫైనల్ గేర్ల విషయంలో కొంచెం ఆలోచించాలి. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 80 నుంచి 90కి వెళ్లాలంటే ఆ పనికే సుమారు 42 శాతం ఎక్కువ శక్తి కావాలి. గేరు మార్చినంత మాత్రాన ఆ శక్తి పుట్టదు. బెల్టు అంచుకు చేరాక కూడా ఇంజిన్ తన తిరుగుడు హద్దును తాకుతూ ఉంటేనే పొడవైన గేర్ల (అదే తిరుగుడుకు చక్రాన్ని ఎక్కువ తిప్పేవి) వల్ల వేగం పెరుగుతుంది. నేను 10 శాతం పొడవైనవి వేయించాను. అదే వేగంలో తిరుగుడు తగ్గి ప్రయాణం హాయిగా మారింది కానీ, గరిష్ఠ వేగం పెరగలేదు. వెనుక మనిషి కూర్చుంటే ఎత్తు ఎక్కడం కష్టమైంది. మీకు కావలసింది నిశ్శబ్దమైన సమ వేగమైతే ఈ మార్పు సరైనదే, వేగం కోసమైతే కాదు.

ఒక హెచ్చరిక. మొదటిసారి బిగించినప్పుడు నేను వెనుక పుల్లీ పలకలను విడదీసి బెల్టును లోపలికి నొక్కలేదు. దానితో ముందు భాగంలో బెల్టు బిగువుగా ఉండి, పుల్లీ పలకకూ బాస్‌కూ (పుల్లీ నడుమ ఉండే గొట్టం) మధ్య ఇరుక్కుంది. ముందు పుల్లీ నట్టు బిగిసినట్టే అనిపించింది. కాసేపు నడిచాక బెల్టు జారి, నట్టు వదులై, క్రాంక్ షాఫ్ట్ స్ప్లైన్లు (పలకను పట్టి ఉంచే పళ్లు) అరిగిపోయాయి. కాబట్టి వెనుక బెల్టును లోతుగా నొక్కి ముందు వదులు తెచ్చుకోండి, పలక షాఫ్టు మీద పూర్తిగా కూర్చున్నదో లేదో చూడండి, పుస్తకంలోని టార్క్ (బిగింపు బలం) విలువకు టార్క్ రెంచ్‌తో బిగించండి, మూత వేయకముందు ఇంజిన్‌ను చేత్తో కొన్ని చుట్లు తిప్పి బెల్టు ఎక్కడా పట్టేయడం లేదని నిర్ధారించుకోండి.