చిన్నీ, అమ్మ కోసం హోమ్ చూడబోయే ముందు ఇది చదువు

చిన్నీ,

మీ పిన్ని నిన్న ఫోన్ చేసి చెప్పింది, వచ్చే నెల నువ్వు డల్లాస్ నుంచి వస్తున్నావని, అమ్మ కోసం హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్ వైపు ఉన్న పెద్దవాళ్ళ హోమ్‌లన్నీ నువ్వే తిరిగి చూస్తానన్నావని. విన్నప్పటి నుంచి నాకు ఒకపక్క టెన్షన్, ఒకపక్క గర్వం. వెబ్‌సైట్‌లో ఫోటోలు చూసి డబ్బు కట్టేసేవాళ్ళు ఉన్న రోజుల్లో, నా కళ్ళతో చూడందే అమ్మని పంపను అన్నావంటే మా అన్నయ్య కూతురివే అనిపించింది. నలుగురూ ఏమంటారోనని మాత్రం కుమిలిపోకు. అన్నయ్య పోయాక వదిన ఆ ఫ్లాట్‌లో ఒక్కతే, షుగరు, మోకాళ్ళ నొప్పులతో, పనిమనిషి వచ్చిన రోజు తిని రాని రోజు మరమరాలతో సరిపెట్టుకోవడం నాకూ నచ్చలేదు. నా దగ్గరికి రమ్మంటే రాదు, ఆడపడుచు ఇంట్లో ఉండిపోవడం ఏమిటంటుంది. కాబట్టి నువ్వు చేస్తున్నది సరైన పనే, జాగ్రత్తగా చెయ్యి.

రిజిస్ట్రేషన్ కాగితం, ఫైర్ వాళ్ళ అనుమతి, వంటింటికి ఫుడ్ లైసెన్స్, ఈ మూడూ అడిగి ఫోటో తీసుకో. నెలకెంత, డిపాజిట్ ఎంత, మధ్యలో వచ్చేస్తే ఎంత వెనక్కిస్తారు, ఆసుపత్రిలో ఉన్న రోజులకి కూడా ఫీజు కట్టాలా, ఇవన్నీ నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించుకో. ఈ విషయాల్లో నాకంటే నువ్వే గట్టిగా మాట్లాడతావు.

నేను చెప్పాల్సింది రాత్రి గురించి.

మీ పెద్దత్తయ్య ఎలా పోయిందో నీకు సగమే తెలుసు. తుంటి ఎముక విరిగి పోయిందని చెప్పారు నీకు, అప్పుడు నీకు పరీక్షలు. అక్క కొడుకులిద్దరూ చెడ్డవాళ్ళు కాదమ్మా, తల్లిని వదిలించుకోవాలని చూసినవాళ్ళు అసలే కాదు. ఇద్దరూ కలిసి ముందు ఫోన్ చేసి, ఒక ఆదివారం పొద్దున పదింటికి వెళ్ళి ఆ హోమ్ చూశారు. బంతిపూల మడులు, తులసికోట, హాల్లో విష్ణు సహస్రనామం, స్టీలు పళ్ళెంలో వేడి ఇడ్లీ. పెద్దవాడు నాకు ఫోన్ చేసి, పిన్నీ, మన ఇంటికంటే శుభ్రంగా ఉంది అన్నాడు. ఆ రోజే డిపాజిట్ కట్టి వచ్చారు. మళ్ళీ ఇంకో వేళలో వెళ్ళి చూడలేదు, రాత్రి ఎవరుంటారని అడగలేదు, బాత్‌రూమ్ తలుపు తెరిచి చూడలేదు.

రాత్రిపూట ఆ రెండంతస్తులకీ కలిపి ఒక్క ఆయా. ఆవిడ కింద పడుకునేది, అక్క గది పైన. గోడకి కాల్ బెల్ ఉంది కానీ అది తలుపు పక్కన, మంచం మీద నుంచి చెయ్యి అందదు. అక్కకి రాత్రిళ్ళు లేవాల్సి వచ్చేది, నీరు పోవడానికి బీపీ మాత్ర వేసుకునేది కదా. బాత్‌రూమ్‌కి గడప ఉంది, నేల తడి, పట్టుకోవడానికి గోడకి కమ్మీ లేదు. పడిపోయింది. లోపల గడియ పెట్టుకుంది, తలుపేమో లోపలికి తెరుచుకునే తలుపు, తను దానికి అడ్డంగా పడి ఉంది. అరిచిందట. పక్క గదిలో ఉన్నావిడకి వినబడింది కానీ ఆవిడ మంచం దిగలేదు. పొద్దున పాలు ఇవ్వడానికి వచ్చినప్పుడు కానీ ఎవరికీ తెలియలేదు, తలుపు విరగ్గొట్టి బయటికి తీశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నేను వెళ్ళి చూసేసరికి నడుం కింద తోక ఎముక దగ్గర చర్మం నల్లబడి ఉంది. రాత్రంతా గట్టి నేల మీద కదలకుండా పడి ఉంటే ఆ పుండు అక్కడే మొదలవుతుంది. తర్వాత అది లోతుగా దిగింది, ఇన్‌ఫెక్షన్ వచ్చింది, జ్వరం తగ్గలేదు. నన్ను నర్సింగ్ స్కూల్లో చేర్చడానికి తన గాజులు తాకట్టు పెట్టిన మనిషి అక్క. ఆ రోజుల్లో ఆడపిల్ల నర్సు పనికి వెళ్తానంటే మా ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు, అక్క ఒక్కతే నా ట్రంకు పెట్టె సర్ది బస్సెక్కించింది. ఆవిడ పుండుకి నా చేతులతో డ్రెస్సింగ్ చేశాను, మళ్ళీ తీసుకొచ్చి ఇల్లు చేర్చలేకపోయాం. పెద్దవాడు ఇప్పటికీ ఆ ఇడ్లీ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు.

అందుకే నీకు రాస్తున్నాను. మేనేజర్‌తో మాట్లాడటానికి మొదటిసారి చెప్పే వెళ్ళు. రెండోసారి చెప్పకుండా వెళ్ళు, రాత్రి భోజనాలయ్యాక, ఎనిమిదిన్నర తొమ్మిది మధ్య. పెద్దవాళ్ళ నిద్ర పాడవుతుంది అంటారు, అందులో కొంత నిజం ఉంది, గోల చేయకు, ఆఫీసు గదిలోనే కూర్చుని ఈ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో వాళ్ళని పిలిపించమను, డ్యూటీ రిజిస్టర్ చూపించమను. ఎంతమందికి ఎంతమంది ఆయాలు అంటే పగటి లెక్కే చెప్తారు. రాత్రి లెక్క విడిగా అడుగు, అందులోనూ సొంతంగా లేవలేనివాళ్ళు ఎందరని అడుగు. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని మాకు మొదటి ఏడాదే నేర్పారు, ఒళ్ళు ఒరుసుకుపోకుండా తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. రాత్రి ఒక్కరే ఉన్నారంటే తిప్పడం లేదని నేను అనుకుంటాను, వాళ్ళు ఏ చార్టు చూపించినా సరే.

వదినకి ఇస్తామన్న గదిలో మంచం మీద నువ్వు పడుకుని చూడు. బెల్ చేతికందుతోందా? నొక్కు. ఎంతసేపటికి ఎవరొచ్చారో వాచీ చూసుకో. అక్కడి నుంచి బాత్‌రూమ్‌కి లైటు వెయ్యకుండా నడువు. గడప ఉందా, కమోడ్ పక్కన కమ్మీ ఉందా, దాన్ని బలంగా లాగి చూడు, కొన్ని చోట్ల చూపు కోసం బిగిస్తారు, మనిషి బరువు వేస్తే ఊడి వస్తుంది. గడియ బయటి నుంచి తీయగలరా, తలుపు బయటికి తెరుచుకుంటుందా, ఇది మాత్రం మర్చిపోవద్దు తల్లీ. గీజర్ నీళ్ళు చెయ్యి పెట్టి చూడు, ముసలి చర్మం తొందరగా కాలుతుంది.

పరాయివాళ్ళ దుప్పటి ఎత్తి చూడలేవు, చూడకూడదు కూడా. కానీ పాదాలు కనిపిస్తాయి. మడమల మీద కమిలిన మచ్చలు ఉన్నాయేమో, గోళ్ళు పెరిగిపోయాయేమో, పెదాలు ఎండి పగిలాయేమో చూడు. మంచం పక్కన నీళ్ళ గ్లాసు ఉండటం వేరు, అది చేతికి అందేంత దగ్గర ఉండటం వేరు. రాత్రి డైపర్ మార్చాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు తగ్గించే చోట్లు నేను చూశాను. వయసు మీద పడితే దాహం తెలియదు, నీళ్ళు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, జ్వరం కూడా లేకుండా ఉన్నట్టుండి మనిషి తికమకగా మాట్లాడటం మొదలుపెడుతుంది. మతి పోయింది, వయసు కదా అని వదిలేస్తారు. వదిన ఎప్పుడైనా ఫోన్‌లో అలా మాట్లాడితే ఆ రోజే డాక్టర్‌కి చూపించమని పట్టుబట్టు, మర్నాటికి ఆగొద్దు.

ఇంకో సంగతి, మీ అమ్మ ఇన్సులిన్. రాత్రి భోజనం ఆరున్నరకే పెట్టేసి పొద్దున టిఫిన్ తొమ్మిదింటికి పెట్టే హోమ్‌లు ఉన్నాయి. మధ్యలో ఎన్ని గంటలో లెక్కపెట్టు. ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి ఆ వ్యవధి ప్రమాదం, తెల్లవారుజామున షుగర్ పడిపోతే చెమటలు పట్టి వణుకుతూ బెల్ కూడా నొక్కలేదు. పడుకునే ముందు పాలో బిస్కెట్టో ఇస్తారా, ఇంజెక్షన్ చేసేది నర్సా, వంటమనిషి కూతురా, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఫ్రీజర్‌కి ఆనించి పెట్టారా, అడుగు, చూడు. హాల్లో మధ్యాహ్నం దాటాక కూడా అందరూ తలలు వేలాడేసి మగతగా ఉంటే ఎవరికి ఏ నిద్రమాత్ర, ఏ డాక్టర్ రాశారని అడగడానికి మొహమాటపడకు. నెలనెలా బరువు చూస్తారా అని కూడా. బరువు తగ్గుతున్నారంటే తిండి సరిపోవడం లేదు, లేదా తినిపించేవాళ్ళు లేరు.

తాళాల గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఆశ్రమం తెల్లవారుజామున అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు కదల్లేక 28 మంది చనిపోయారు. ఆ రోజు పేపరు చదివి మా వార్డులో ఆయాలు సైతం ఏడ్చారు. ఇప్పుడు గొలుసులు ఉండకపోవచ్చు, కానీ పాత చీర పేలికలతో మంచానికి చేతులు కట్టడం నేను కళ్ళారా చూశాను, పడిపోతారమ్మా అందుకే అంటారు. మణికట్టు మీద ఒరుపులు కనిపిస్తే ఆ చోటు మనకొద్దు. రాత్రి మెయిన్ గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, కిందికి దిగడానికి రెండో దారి ఉందా, ఆ మెట్ల మీద పాత పరుపులు, గ్యాస్ సిలిండర్లు పేర్చారా చూడు.

ఇప్పుడు కొంచెం తిట్టాలి నిన్ను. ముందు అన్నీ చూసి ఖాయం చేశాక అమ్మతో చెప్తానన్నావట. ఎందుకు? తనకి కాళ్ళు నొప్పులే కానీ బుద్ధి పాదరసం. అరవై ఏళ్ళు తన వంట తాను చేసుకున్న మనిషి అక్కడి పప్పు రుచి చూడొద్దా, పక్క మంచం ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడొద్దా? నువ్వు వడగట్టిన రెండు మూడు చోట్లకి పగలు తనని తీసుకెళ్ళు, తను ఒద్దన్నది ఒద్దు. నచ్చిన చోట కూడా ముందు ఒక నెల ఉండి చూసే ఏర్పాటు అడుగు, ఆ నెల ఫ్లాట్ ఖాళీ చెయ్యకండి, సామాను ఎవరికీ ఇచ్చెయ్యకండి. వెనక్కి రావడానికి తనకి ఇల్లు ఉండాలి.

ఆ ఫ్లాట్ నీ పేర రాస్తానని వదిన అంటోందని కూడా విన్నాను. ఇప్పుడు రాయించుకోకు బంగారం, నీ మీద నమ్మకం లేక కాదు, చేతిలో ఆస్తి ఉన్న తల్లికి హోమ్‌లో దక్కే మర్యాదే వేరు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాతను ట్రిబ్యునల్ చెల్లదనొచ్చు, కానీ ఆవిడ ఈ వయసులో ఆఫీసుల చుట్టూ తిరగలేదు. ఏ హోమ్ వాళ్ళైనా ఆస్తి మా పేర రాస్తే జీవితాంతం చూస్తాం అంటే ఇంకో మాట మాట్లాడకుండా వచ్చేసెయ్. వదిన ఫోన్‌లో 14567 నంబరు సేవ్ చేసిపెట్టు, అది పెద్దవాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు పడదు. ఫోన్ ఎప్పుడూ తన దగ్గరే ఉండాలి, ఆఫీసులో పెట్టుకుంటామంటే ఒప్పుకోకు.

వదిన మందుల చీటీలు, మొన్నటి రక్త పరీక్షల కాగితాలు అన్నీ ఫోటో తీయించి ఈ ఆదివారంలోగా నాకు వాట్సాప్‌లో పంపు, ఏ పూట ఏది ఎందుకు వేసుకోవాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇస్తాను, అదే హోమ్ వాళ్ళకి ఇద్దువుగాని. నీ టికెట్ తేదీ చెప్పగానే గుంటూరులో పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ చేయించుకుంటాను. రాత్రిపూట ఆ ఊరి బయటి రోడ్లలో నువ్వు ఒక్కదానివీ క్యాబ్ ఎక్కొద్దు, నేనూ వస్తాను.

నీ
మేనత్త