నవల రాస్తానంటున్న మేనకోడలికి

రాజమండ్రి,
ఆదివారం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ముప్పావు గంట ఏడ్చింది. "అన్నయ్యా, నీ మేనకోడలు ఉద్యోగం మానేసి నవల రాస్తుందట. అదీ వకీళ్ల ఆఫీసులో జరిగే థ్రిల్లరట. ఈ పిచ్చి దానికి అంటించింది నువ్వే" అని నా మీద అభియోగం మోపింది. నేను డిఫెన్సు చెప్పుకోలేదు. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యతో "మన పిల్ల నవల రాస్తుందట" అని మూడుసార్లు అన్నాను. నాలుగోసారి అనబోతే లైటు ఆర్పేసింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఉద్యోగం అప్పుడే మానకు. కోర్టు థ్రిల్లర్లు రాసే జాన్ గ్రిషమ్ ఒకప్పుడు అమెరికాలో, మిసిసిపీలో చిన్న ఊరి వకీలు. తెల్లవారుజామున లేచి కాసేపు రాసుకుని, ఆ తర్వాత కోర్టుకి పోయేవాడు. 1989లో వచ్చిన ఆయన మొదటి నవల వేసింది 5,000 కాపీలు. రెండోది ఆయన జాతకం మార్చింది గానీ, ఆ రెండోదాకా తిండి పెట్టింది వకాలత్తులే. నీ ఫ్లాటు వాయిదాలు ఎవరు కడతారే? నేనా?

ఇంకోటి, జడ్జి గారి చేతికి సుత్తి ఇవ్వకు. నలభై ఏళ్లలో నేను ఏ కోర్టులోనూ సుత్తి చూడలేదు. జ్యూరీని తేకు. మన దేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో దాని ఊసే పోయింది. హీరో మొదటి వాయిదాకే గెలిస్తే నేను ఆ పుస్తకం గోదాట్లో పడేస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ బలం ఎక్కడుందో నీకు తెలుసా? గ్రిషమ్ రెండో నవల 'ది ఫర్మ్' నేను హైకోర్టు పని మీద హైదరాబాద్ వచ్చినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల గుట్టలో కొన్నాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద పడుకుని చదివాను. అందులో షికాగో మాఫియా ఉంది, హత్యలున్నాయి. అవేవీ నన్ను పట్టుకోలేదు. మెంఫిస్‌లో పన్నుల వ్యవహారాలు చూసే ఆ వకీళ్ల ఆఫీసు వాళ్లు కొత్తగా చేరిన కుర్ర వకీలుకి కారు ఇస్తారు, తక్కువ వడ్డీకి ఇంటి అప్పు ఇప్పిస్తారు, చదువు అప్పు తీర్చేస్తారు. దండ వేస్తున్నారనుకుని వాడు మెడ వంచుతాడు. అది పలుపుతాడని మనకి వాడికన్నా ముందే తెలిసిపోతుంది. అక్కడ పట్టుకుంది నన్ను. నిడదవోలు ఎప్పుడు దాటిందో తెలీదు. కాస్తలో రాజమండ్రిలో దిగకుండా పోయేవాణ్ని కూడా.

తుపాకీ ఏ కథలోనైనా పేలుతుంది. జీతం, ప్రమోషను, "రేపు పొద్దున్నకల్లా డ్రాఫ్టు కావాలి" అన్న మాట మనిషిని కట్టి పడెయ్యడం మాత్రం లోపల కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. కిందటేడాది నీ ఆఫీసు చూపించావే, అన్నీ గాజు గోడలు. అందరూ కనపడతారు, ఎవరి మాటా వినపడదు. థ్రిల్లర్‌కి అంతకన్నా మంచి ఇల్లు ఎవరు కట్టగలరు? మా రోజుల్లో రహస్యం కార్బన్ కాగితంలో ఉండేది. వాడి పారేసిన కార్బన్‌ని వెలుతురుకి పట్టుకుంటే ఉత్తరమంతా చదవచ్చు. అందుకని మా గుమాస్తా గారు సాయంత్రం వాటిని లెక్కపెట్టి ఇంటికి పట్టుకుపోయి పొయ్యిలో వేసేవారు. ఆయన జీతం ఎంతో నాకు తెలుసు. ఆ కార్బన్లకి ఎవరైనా ఎంత ఇచ్చేవారో కూడా ఊహించగలను. ఆయన పొయ్యిలోనే వేశారు.

కథ దొరకడం లేదని ఎప్పుడైనా అనిపిస్తే 1872 నాటి సాక్ష్యాల చట్టం తియ్యి. 126వ సెక్షన్. కొత్త చట్టంలో అది 132 అయింది, 2024 జులై 1 నుంచి, కానీ నా నోటికి 126 అంటేనే తిరుగుతుంది. కక్షిదారు చెప్పింది వకీలు బయట పెట్టకూడదన్నది ఆ సెక్షన్. దాని కింద ఉదాహరణలున్నాయి. సొమ్ము కాజేశాడని నేరం మోపిన ఒకాయన వకీలుని పెట్టుకుంటాడు. కేసు నడుస్తుండగా వకీలు ఆయన ఖాతా పుస్తకంలో ఒక పద్దు చూస్తాడు. కాజేశాడంటున్న ఆ సొమ్మే, ఆయన పేర రాసి ఉంటుంది. తాను కేసు ఒప్పుకున్న రోజున ఆ పద్దు ఆ పుస్తకంలో లేదు. ఇలాంటిదాన్ని దాచాల్సిన బాధ్యత వకీలుకి లేదంటుంది చట్టం. అంతే, నాలుగు పంక్తులు. ఆ వకీలు ఆ రాత్రి ఇంటికెళ్లి అన్నం ఎలా తిన్నాడో చట్టం రాయలేదు. అది నువ్వు రాయాలి.

సరే, నిద్ర పట్టని కారణానికి వస్తున్నాను. ఇది మీ అమ్మకి తెలీదు.

1987లో నేను నాలుగేళ్ల జూనియర్‌ని. కథలు రాసే పిచ్చి ఉండేది, రెండు అచ్చయ్యాయి కూడా. మా సీనియర్ గారి దగ్గరికి ఒక పెద్దావిడ భాగం దావా మీద వచ్చేది. భర్త పోయాడు, ఇద్దరు కొడుకులు, చదువు రాదు. సీనియర్ గారు కోర్టు నుంచి రావడం ఆలస్యమైన ఒక సాయంత్రం, బల్ల మీద కూర్చుని నాతో మాట్లాడుతూ ఒక మాట చెప్పేసింది. భర్త పోయాక బియ్యం డబ్బా అడుగున ఆయన చేత్తో రాసిన చీటీ దొరికిందట. ఆయనకి వేరే ఊళ్లో ఇంకో కొడుకున్నాడు. ఈవిడ ఆ చీటీ కొడుకులకి చూపించలేదు. ఏటా పంట ఇంటికి రాగానే ఎవరికీ తెలీకుండా ఆ పిల్లాడికి రెండు బస్తాలు పంపుతోంది. "ఆయన తిండిపెట్టాల్సినవాడు కదా బాబూ" అంది.

నేను ఆ రాత్రే కథ రాశాను. పేరు మార్చాను. ఊరు మార్చాను. కులం మార్చాను. దావా తీసేసి తీర్థయాత్ర పెట్టాను. బియ్యం డబ్బా మాత్రం మార్చబుద్ధి కాలేదు. అంత బాగుంది అది. ఒక వారపత్రిక వేసుకుంది. బొమ్మతో సహా వేసింది, డబ్బా బొమ్మ.

నెల తిరక్కుండా ఆవిడ ఆఫీసుకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "అది మీరు రాసిందేనా బాబూ? మా కోడలు చదివి వినిపించింది" అంది. నేను ఏదో అనబోయాను. "డబ్బా సంగతి కూడా రాశారు" అంది. కోప్పడలేదు. వకాలత్తు మార్చుకుంటానని, అభ్యంతరం లేదని సంతకం పెట్టించమని అడిగింది. కేసు కాగితాల కట్ట తీసుకుంది. చెంగున ముడి విప్పి, ఫీజులో బాకీ ఉన్న 150 రూపాయలు బల్ల మీద పెట్టింది. నేను వద్దనలేదు, తీసుకోనూ లేదు. గుమాస్తా గారు తీసి రసీదు రాశారు.

సీనియర్ గారు తిడతారనుకున్నాను. పేరు రాయలేదండీ, కోర్టులో చెప్పలేదండీ, కథే కదండీ అని నా వాదన సిద్ధం చేసుకున్నాను. ఆయన బార్ కౌన్సిల్ నిబంధనల పుస్తకం తీసి నా ముందు పెట్టారు. 126ని వకీలు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఉల్లంఘించకూడదని ఉంటుంది అందులో. 'పరోక్షంగా' దగ్గర వేలు పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, లోపలికి వెళ్లిపోయారు. ఆరు నెలలు నాకు కొత్త కట్ట ఒక్కటీ ఇవ్వలేదు.

అదీ భరించాను. భరించలేనిది తర్వాత గుమాస్తా గారు చెప్పారు. ఆ ఏడాది నుంచి బస్తాలు ఆగిపోయాయట. కొడుకులు కాపలా కాశారట. ఆ పిల్లాడికి అప్పుడు పదకొండో పన్నెండో. నేను ఆ తర్వాత కథ రాయలేదు. మీ అత్తయ్య అడిగితే తీరిక లేదన్నాను.

కాబట్టి తల్లీ, తిట్టించుకో. ఆఫీసు మెయిల్ ఒక్కటి కూడా నీ సొంత మెయిల్‌కి పంపుకోకు. నోట్సు కోసమని ఫోటో తియ్యకు. పేరు మార్చితే చాలనుకోకు. లోకమంతా గుర్తుపట్టకపోయినా, గుర్తుపట్టకూడని ఆ ఒక్క ఇల్లూ గుర్తుపడుతుంది, అదీ నువ్వు ముచ్చటపడి ఉంచుకున్న చిన్న వస్తువు వల్లే. ఏ వివరం రాసేటప్పుడు "ఆహా" అనిపిస్తుందో అక్కడ పెన్ను ఆపి, ఇది నేను కల్పించిందా, నాకు ఎవరైనా నమ్మి చెప్పిందా అని చూసుకో. చెప్పిందైతే కొట్టెయ్. భయం తీసుకో, ఇరకాటం తీసుకో, మనిషిని వదిలెయ్.

'ది ఫర్మ్' 1993లో సినిమా అయినప్పుడు ముగింపు మార్చారు. నవలలో కుర్రాడు ఆఫీసు ఫైళ్లు ఎత్తుకొచ్చి ప్రభుత్వానికి ఇస్తాడు. సినిమాలో కక్షిదారుల రహస్యం జోలికి పోడు. లేని గంటలకి బిల్లులు వేసి పోస్టులో పంపారు కాబట్టి, ఆ పోస్టు మోసం మీద వాళ్లని పట్టిస్తాడు. సాహిత్యం తెలిసినవాళ్లు నవలే గొప్పదంటారు. అనుకోనీ. ఆ సినిమా చివర్లో నేను చప్పట్లు కొట్టాను.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. మొదటి నాలుగు అధ్యాయాలు కాగితం మీద పంపు, అక్షరం కాస్త పెద్దది పెట్టించు. ఎర్ర ఇంకు ఇప్పటికే కొని పెట్టాను. సంక్రాంతికి రా, అత్తయ్య పూతరేకులు తెప్పిస్తుంది. చీకటి పడ్డాక డాబా మీద కూర్చుని నీ విలన్ సంగతి చూద్దాం.

ఆ పెద్దావిడ సంగతి వాడుకోవాలని నీకు బుద్ధి పుడుతుందని నాకు తెలుసు. నా మేనకోడలివి కదా. వాడుకున్నా ఏం ఫరవాలేదు. డబ్బాలో ఉన్నది బియ్యం కాదు, దొరికింది చీటీ కాదు, పంపింది బస్తాలూ కాదు. ఏమిటో నీకు కూడా చెప్పను.

మావయ్య