ఒంటిగంట రెండుసార్లు కొట్టిన రాత్రి

అమ్మలూ,

డాలస్‌లో ఉద్యోగం మానేసి, మనవాళ్ళు ఇళ్ళకి డబ్బు పంపుకునే యాప్ పెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడికి జీతం పోయిందని దిగులు. నాకేమో వీధంతా చెప్పుకోవాలని ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

డేటాబేసులో డబ్బుకి ఫ్లోట్ వద్దు, అది చిల్లరని ఉజ్జాయింపుగా దాస్తుంది. అంకె కచ్చితంగా ఉండే న్యూమరిక్ పెట్టు. నీకు తెలిసిందే. పక్కనే కరెన్సీ కోడూ, పంపినప్పుడు వేసిన మారకం రేటూ దాచు. కువైట్ దినారుకి చుక్క తర్వాత మూడు అంకెలు. రెండే ఉంచావంటే కువైట్‌లో పనిచేసే రాజంపేట వాళ్ళు నీ గుమ్మంలో కూర్చుంటారు.

నా భయమంతా టైముతోనే. 2009లో హైదరాబాదులో కూర్చుని ఒక అమెరికా కంపెనీ డేటాబేసు చూసేవాణ్ణి. సర్వర్‌ది షికాగో టైము. తేదీ, వేళా దాచే టైమ్‌స్టాంప్ కాలమ్‌ని జోన్ లేకుండా, అంటే ఏ ప్రాంతపు టైమో తెలియకుండా, పెట్టింది నేనే. అక్కడ మార్చిలో గడియారం గంట ముందుకీ, నవంబరులో గంట వెనక్కీ తిప్పుతారు. ఆ అలవాటు మనకెక్కడిది? నవంబరు 1, ఆదివారం. అక్కడ రెండు కొట్టాల్సిన వేళ మళ్ళీ ఒంటిగంట అయింది. ఒకబ్బాయి 1:50కి గుంటూరులో అమ్మకి డబ్బు పంపాడు. ఒక సున్నా ఎక్కువ పడిందని చూసుకుని ఇరవై నిమిషాల్లో రద్దు చేశాడు. ఆ రద్దు 1:10 అని నమోదైంది. మా ప్రోగ్రాం టైము వరసలో చదివింది: ముందు రద్దు, తర్వాత పంపడం. అతని డబ్బు అతనికి వెనక్కి వెళ్ళింది, రెండు రోజులకి ఆవిడ ఖాతాలోనూ పడింది.

తెలుగువాణ్ణి కదా అని ఆవిడకి నాచేతే ఫోన్ చేయించారు. అప్పటికే కంటి ఆపరేషన్‌కి కట్టేసిందట. "మావాడేమైనా తప్పు చేశాడా బాబూ?" అంది. నేను చేశానని చెప్పడానికి నోరు రాలేదు. కంప్యూటర్ తప్పమ్మా అన్నాను.

అందుకని నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో టైమ్‌స్టాంప్‌టీజెడ్ పెట్టు, టీజెడ్ అంటే టైమ్ జోన్. పేరు చూసి మోసపోకు, అది టైముని యూటీసీకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైముకి, మార్చుకుని జోన్‌ని వదిలేస్తుంది. జోన్ పేరు వేరే కాలమ్‌లో 'అమెరికా/షికాగో' అని పూర్తిగా రాయి. బద్ధకించి సీఎస్‌టీ అని కొట్టావో, చైనా టైముకీ అదే పొట్టిపేరు! నెలనెలా వెళ్ళే వాయిదాలకి మాత్రం వాళ్ళ ఊరి టైమే ఉంచు. యూటీసీలో పెడితే చలికాలంలో తొమ్మిదికి వెళ్ళేది మార్చిలో గడియారం తిప్పాక పదికి వెళ్తుంది.

వేళకింత తిను. నవంబరు మొదటి ఆదివారం, అక్కడ ఒంటిగంట దాటాక, ఒకటి పంపి రద్దు చేసి చూడు. వెంటనే ఫోన్ చెయ్యి. ఇక్కడ భోజనాల వేళ, నేను తినకుండా కూర్చుంటాను.

మీ పెదనాన్న