అల్లుడు తెచ్చిన గాలి మిషన్

ప్రశ్న: మా అల్లుడు బెంగళూరు నుంచి వస్తూ చార్జింగ్‌తో నడిచే చిన్న గాలి మిషన్ తెచ్చిచ్చాడు. ఇంట్లో చిన్న కారు, స్కూటీ, పొలానికి ట్రాక్టర్ ఉన్నాయి. పంక్చర్లు వేసే అబ్బాయి చూసి ‘ఇది బొమ్మ సార్, మోటారు కాలిపోద్ది’ అంటున్నాడు. నిజమేనా? దీన్ని నమ్ముకుని తిరుమల ఘాట్ ఎక్కొచ్చా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: బొమ్మేం కాదండీ. కారు విషయంలో ఆ అబ్బాయిది తప్పు, ట్రాక్టర్ విషయంలో మాత్రం కరెక్టే చెప్పాడు.

దారిలో ఆదుకుంటుందనే అందరూ కొంటారు గానీ, నన్నడిగితే దీని అసలు ఉపయోగం మీ ఇంటి ముందే. టైరు చల్లగా ఉన్నప్పుడు చూసిన గాలే సరైన లెక్క. మీరు చంద్రగిరి నుంచి తిరుపతి బంకు దాకా నడిపేసరికి టైరు వేడెక్కి రెండు మూడు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలిచే లెక్క) ఎక్కువ చూపిస్తుంది, బంకు కుర్రాడు ‘సరిపోయింది సార్’ అని పంపేస్తాడు, నిజానికి గాలి తక్కువే ఉంటుంది. అదే పొద్దున్నే, టైర్ల మీద ఎండ పడకముందే, ఈ మిషన్ తగిలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎంత పట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, ముందు వెనక వేరువేరుగా, నిండా జనం ఎక్కినప్పుడు ఎంతో కూడా. టైరు పక్కన అచ్చు వేసిన అంకె చూసి కొట్టకండి, అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం.

వాల్వ్ మూత తీసి, గొట్టం మర తిప్పి, అంకె పెట్టి బటన్ నొక్కితే అక్కడికి రాగానే అదే ఆగిపోతుంది. తెర మీద 2.2 లాంటి అంకె కనిపిస్తే టెన్షన్ వద్దు, అది బార్, మన లెక్కలో 32 పీఎస్ఐ. గొట్టం తీసేటప్పుడు బుస్సుమంటుంది, గబగబా తిప్పేయండి, కానీ చివర ఉన్న ఇత్తడి ముక్క బాగా కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి.

అయిదారు పీఎస్ఐ తగ్గిన కారు టైరుకి రెండు మూడు నిమిషాలు చాలు. పూర్తిగా దిగిపోయిన దానికి పది నిమిషాలైనా పట్టొచ్చు, ఆ తర్వాత మోటారుకి కాసేపు రెస్టు ఇవ్వాలి. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగి మెల్లగా గాలి పోతుంటే మేకు పీకకుండా గాలి పట్టి నేరుగా పంక్చర్ షాపుకి పోండి. పట్టిన గాలి పట్టినట్టే పోతుంటే మిషన్ పక్కన పెట్టి స్టెప్నీ తీయండి.

ట్రాక్టర్ పెద్ద టైరుకి కావలసింది పన్నెండు పదిహేను పీఎస్ఐయే, కానీ లోపల పట్టే గాలి వందల లీటర్లు. అక్కడ ఈ బుల్లి మోటారు వేడెక్కి చేతులెత్తేస్తుంది. పైగా బరువు కోసం టైరులో నీళ్లు పట్టించి ఉంటే, వాల్వ్ కిందివైపు ఉన్నప్పుడు తగిలించారంటే ఆ నీళ్లు మిషన్‌లోకే వస్తాయి. దాన్ని షాపు కంప్రెసర్‌కే వదిలేయండి.

ఇక ఘాట్. బయల్దేరే రోజు పొద్దున ఇంటి దగ్గరే గాలి చూసుకుని ఎక్కండి, అంతే. దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్, మలుపులు ఎక్కువ, గేరు తగ్గించి దిగకుండా బ్రేకు మీదే వస్తే చక్రాలు కాలిపోతాయి. అలిపిరిలో ఆపి చూస్తే మామూలుగా 32 ఉండేది 37 చూపించొచ్చు. ఎక్కువైందని గాలి వదిలేశారనుకోండి, మర్నాడు పొద్దున్నకి టైరు మెత్తబడి ఉంటుంది.

మన ఎండలకి మిషన్‌ని కారులో వదలకండి, లోపల ఉన్నది లిథియం బ్యాటరీ. వాడినా వాడకపోయినా రెండు మూడు నెలలకోసారి చార్జింగ్ పెట్టండి. స్కూటీకీ ఇదే పద్ధతి, అంకెలే వేరు. పిల్లల సైకిల్ వాల్వ్ వేరే రకమైతే పెట్టెలో చిన్న అడాప్టర్ వచ్చిందేమో చూడండి, బంతులకి గాలి కొట్టే సూది కూడా అక్కడే ఉండొచ్చు.