పీర్ల పండుగ ఏ మతానిది?

ప్రశ్న: మా ఊళ్లో ముస్లిం కుటుంబాలు రెండో మూడో ఉన్నాయి. అయినా మొహర్రం వస్తే ఊరంతా పీర్ల చావిడి దగ్గరే ఉంటుంది. మా నాన్నగారు ఏటా చక్కెర చదివిస్తారు. ఇది ఏ మతమని మా అమ్మాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. అసలు మతమంటే ఏమిటి?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: మీ అమ్మాయి అడిగినది పండితులు సుమారు నూట యాభై ఏళ్లుగా వాదించుకుంటున్న విషయం. కంటికి కనిపించని శక్తులున్నాయన్న నమ్మకమే మతానికి కనీస లక్షణమని 1871లో ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ టైలర్ అన్నారు. నమ్మకం ఒక్కటే చాలదనీ, పవిత్రమని ఎంచినవాటి చుట్టూ నడిచే ఆచారాలు వాటిని పాటించేవారందరినీ ఒక్క సమాజంగా కలపడమే మతంలో ముఖ్యమనీ 1912లో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ వాదించారు. మీ ఊరి చావిడి ముందు నిలబడి చూస్తే డర్కైమ్ మాటే ఎక్కువ నిజమనిపిస్తుంది.

పండుగ మూలం ఇస్లాంలోనే ఉంది. క్రీ.శ. 680లో, నేటి ఇరాక్‌లోని కర్బలాలో, ప్రవక్త మనుమడు ఇమాం హుస్సేన్ అమరుడైన దినాన్ని మొహర్రం నెల పదో రోజున స్మరిస్తారు. గోల్కొండను ఏలిన షియా ముస్లిం రాజులు కుతుబ్‌షాహీలు ఈ సంతాప దినాలను ఎంతో ఆదరించారు. హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించిన బాద్‌షాహీ ఆశూర్‌ఖానా (మొహర్రం సంతాపం జరిపే మందిరం) నేటికీ ఉంది. అయితే తెలుగు పల్లెలకు చేరేసరికి ఆ సంతాపం ఊరి పనుల్లో, మొక్కుల్లో, పాటల్లో కలిసిపోయి కొత్త రూపం తీసుకుంది. అమరుల గుర్తుగా నిలిపే లోహపు పీర్లకు దట్టీలు (గుడ్డ పట్టీలు) కట్టడం, నిప్పుల గుండం చుట్టూ అడుగులు వేస్తూ హుస్సేన్, ఆయన అన్న హసన్‌ల కథను తెలుగులో పాడడం, పీరును ఎత్తుకున్నవారి కాళ్లకు నీళ్లు పోసి మొక్కడం అన్ని కులాలవారూ చేస్తారు. మీ జిల్లాలోని గూగూడులో కుళ్లాయిస్వామి పీరును దర్శించుకున్నవారు అక్కడి ఆంజనేయస్వామికీ మొక్కుతారు. కుళ్లాయప్ప అన్న పేరు హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తుంది.

దీన్ని తప్పుపట్టేవారు రెండు వైపులా ఉన్నారు. పీర్లకు మొక్కడం ఇస్లాంకు విరుద్ధమని కొందరు ముస్లిం పండితులంటే, హిందువులకు ఈ పండుగతో పనేమిటని మరికొందరంటారు. తమ శాస్త్రాన్ని బట్టి మాట్లాడే హక్కు వారికుంది గానీ, తరతరాలుగా ఊరు చేసుకుంటున్నదాన్ని అబద్ధమనడం న్యాయం కాదు. మతం మనుషులను విడదీయదని కూడా నేను అనను. ఎన్నో ఊళ్లలో దళితులను గుడి గడప తొక్కనివ్వనిదీ మతం పేరుతోనే. కలపడం, వేరుచేయడం రెండూ దాని చేతిలో ఉన్నాయి కాబట్టే అది మానవ సంస్కృతిలో ఇంత బలంగా నిలిచింది.

డర్కైమ్‌తో నాకు ఒక్కచోట పేచీ ఉంది. భక్తులు పూజించేది నిజానికి తమ సమాజాన్నేనని ఆయన అంటారు. బిడ్డకు జ్వరం తగ్గాలని పీరు ముందు చక్కెర చదివించే తల్లి మొక్కేది ఊరికి కాదు, ఆ పీరుకే. ఆమె నమ్మకాన్ని ఆమె మాటల్లోనే అర్థం చేసుకోవాలి.

మీ అమ్మాయికి ఇలా చెప్పండి: కథ ఇస్లాంది, పండుగ ఊరిది, మొక్కు తాతయ్యది. ఈసారి మొహర్రానికి ఆమెను చావిడికి తీసుకెళ్లి, పీర్లను చూసుకునే ముజావర్‌నూ పాటలు తెలిసిన పెద్దలనూ కర్బలా కథ మొత్తం చెప్పమని అడగండి.