లేజర్‌తో చేస్తే పన్ను తక్కువ పోతుందా?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. కింది దవడ పళ్లలో రెండు పుచ్చినట్టున్నాయి. ఒకదాని మీద నల్లటి గీత ఉంది, నొప్పి లేదు. రెండోదానిలో చిన్న గుంట పడింది, తీపి తగిలితే జివ్వుమంటుంది. చిన్నప్పుడు ఒకసారి డ్రిల్లింగ్ చేయించుకున్నాను. అప్పటి నుంచి ఆ శబ్దం వింటేనే వణుకు. లేజర్‌తో అయితే ఇంజెక్షన్ అక్కర్లేదని, పన్ను కూడా తక్కువ తొలుస్తారని విన్నాను. నిజమేనా? ఆ వేడికి పంటి నరం చచ్చిపోదా?

జవాబు: ముందు ఆ నల్లగీత సంగతి చూద్దాం. నమిలే పళ్ల పైన ఉండే గాడుల్లో రంగు పట్టడం మామూలే. నల్లగా కనిపించిందల్లా పుచ్చు కాదు. పన్నును గాలితో ఆరబెట్టి, మంచి వెలుతురులో చూసి, అవసరమైతే ఎక్స్‌రే తీస్తే విషయం తేలిపోతుంది. ఒకవేళ పుచ్చే అయినా, ఇంకా గుంట పడని తొలిదశలో ఉంటే ఫ్లోరైడ్ పూతతోనో, గాడిని సీలెంట్‌తో మూసేయడంతోనో అక్కడికక్కడే ఆపొచ్చు. అలాంటి పన్నుకు డ్రిల్లూ వద్దు, లేజరూ వద్దు. ‘లేజర్ కదా, పైపైన కొంచెం తీసేద్దాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

గుంట పడిన రెండో పన్నుకు మాత్రం ఫిల్లింగ్ కావాల్సి రావచ్చు. పంటిని తొలవడానికి ఎక్కువగా వాడేది ఎర్బియమ్ రకం లేజర్. దీని కాంతి తరంగదైర్ఘ్యం 2,940 లేదా 2,780 నానోమీటర్లు. ఈ కాంతిని నీరు ఇట్టే పీల్చుకుంటుంది. పంటి లోపలున్న కాస్త తడి ఒక్కసారిగా ఆవిరై ఉబ్బడంతో చుట్టూ ఉన్న గట్టి పదార్థం సన్నటి రేణువులుగా ఎగిరిపోతుంది. పన్ను పైనుండే గట్టి పొర ఎనామిల్. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, తడి చాలా తక్కువ. దాని కింది పొర డెంటిన్‌లో బరువులో పదో వంతు దాకా నీరుంటుంది. పుచ్చిన భాగంలో ఇంకా ఎక్కువ. అందుకే పుచ్చు త్వరగా ఊడొస్తుంది, గట్టి ఎనామిల్ నెమ్మదిగా తెగుతుంది.

కుర్చీలో కూర్చున్న మీకు తెలిసేదేమిటంటే, పరికరం మొన చాలాసార్లు పన్నును తాకదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంలో ఉంటుంది. కాబట్టి దవడంతా అదిరే ఆ కంపనం ఉండదు. కీచుమనే శబ్దానికి బదులు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. దాంతోపాటు నీటి తుంపర పడుతూనే ఉంటుంది. మీకూ, డాక్టరుకూ ఆ లేజర్‌కు సరిపోయే ప్రత్యేక కళ్లద్దాలు తప్పనిసరి.

వేడి గురించి మీ భయం ఊరికే పుట్టింది కాదు. 1960లో తొలి రూబీ లేజర్ వచ్చాక పళ్ల మీదా ప్రయత్నించారు. అది పన్నును మాడ్చింది, లోపలి గుజ్జునూ (మీరు నరం అంటున్నది ఇదే) దెబ్బతీసింది. గుజ్జు వేడి 5.5 డిగ్రీలు పెరిగినప్పుడు సుమారు 15 శాతం పళ్లలో అది తిరిగి కోలుకోలేదని 1965లో కోతుల మీద జరిపిన ప్రయోగంలో చూశారు. ఎర్బియమ్ లేజర్ వేడి పైపొరలోనే ఖర్చయిపోతుంది, మిగిలినదాన్ని నీటి తుంపర చల్లారుస్తుంది. అమెరికాలో 1997లో పంటి గట్టి భాగాల మీద వాడకానికి దీనికి అనుమతి వచ్చింది. నీళ్లు సరిగా పడకపోతే మాత్రం ఇదీ కాలుస్తుంది. నిజానికి నీళ్లు లేకుండా తిప్పితే మామూలు డ్రిల్లుతోనూ అదే ప్రమాదం.

ఇంజెక్షన్ విషయానికొస్తే, చిన్న గుంటలకు చాలామందికి అక్కర్లేకుండానే పని అయిపోతుంది. అలాగని అందరికీ అవుతుందని మాటివ్వలేం. లోతుకు వెళ్లేకొద్దీ కొందరికి జివ్వుమంటుంది. చెయ్యెత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. అప్పుడు మత్తు ఇవ్వమని అడగడంలో చిన్నతనమేమీ లేదు.

ఇక మీ అసలు ప్రశ్న: పన్ను తక్కువ పోతుందా? లేజర్ మొన సన్నం కాబట్టి చిన్న గుంటను చిన్నగానే తెరవొచ్చు. కానీ మంచి డెంటిన్ దగ్గరికి రాగానే తనంతట తాను ఆగిపోయే తెలివి దానికి లేదు. పైగా పన్నును తాకదు కనుక, ఎక్కడ మెత్తగా ఉంది, ఎక్కడ గట్టిపడింది అన్నది డాక్టరు చేతికి తెలియదు. నేనైతే గుజ్జుకు దగ్గరైన చోట లేజర్ పక్కన పెట్టి, చిన్న చెంచాలాంటి చేతి పరికరంతో గీకి చూస్తాను. తడిగా, మెత్తగా పెళ్లలు లేచేది పోవాలి. తోలులా కాస్త గట్టిగా తగిలేదాన్ని గుజ్జు పైన వదిలేసి, అంచులు శుభ్రం చేసి గట్టిగా సీల్ చేయొచ్చు. ఒకప్పుడు వెండి ఫిల్లింగ్ నిలవడానికి, మళ్లీ పుచ్చకుండా ఉండడానికి మంచి పన్నునూ తొలిచేవారు. ఇప్పుడు పంటికి అతుక్కునే ఫిల్లింగులున్నాయి, ఆ అవసరం తప్పింది. ఈ పద్ధతి తెలిసిన డాక్టరు చేతిలో మామూలు సన్న బర్ (డ్రిల్లు మొన) కూడా పన్నును అంతే కాపాడుతుంది.

లేజర్‌తో సమయం కాస్త ఎక్కువ పడుతుంది. పాత వెండి ఫిల్లింగులు, లోహపు క్యాపులు దీనితో తీయకూడదు. లేజర్ తగిలిన ఎనామిల్ గరుకుగా మారినా, ఫిల్లింగ్ పట్టు కోసం యాసిడ్ జెల్ పూయడం మానకూడదు. లేజర్‌తో తొలిస్తే ఫిల్లింగ్ ఎక్కువ కాలం నిలుస్తుందని చెప్పడానికి గట్టి ఆధారాలు లేవు. ఇంకో మాట, చాలా క్లినిక్‌లలో ఉండేది డయోడ్ లేజర్. అది చిగుళ్లకు పనికొస్తుంది గానీ పన్నును తొలవదు. ‘మీ దగ్గరున్నది ఎర్బియమా?’ అని ఫోన్లోనే అడిగేయండి.

దొరక్కపోతే వాయిదా వేయకండి. తీపికి జివ్వుమని వెంటనే తగ్గిపోతోందంటే గుజ్జు ఇంకా బాగానే ఉండే అవకాశం ఎక్కువ. వేడి తగిలాక నొప్పి నిమిషాల తరబడి ఉన్నా, రాత్రిళ్లు సలుపుతూ నిద్ర లేపినా గుజ్జు వాచిందేమోనని చూడాలి. అప్పుడు చాలావరకు రూట్ కెనాల్ దాకా వెళ్తుంది, గుంటను దేంతో తొలిచారన్నది అక్కడ లెక్కలోకి రాదు.