డాక్ పోయిందనుకునే ముందు కేబుల్ మార్చి చూడండి

ఆఫీసు ల్యాప్‌టాప్‌ని డాకింగ్ స్టేషన్‌కి (ఒక్క కేబుల్‌తో మానిటర్లు, మౌస్, ఛార్జింగ్ అన్నీ కలిపే పెట్టె, అదే డాక్) తగిలిస్తే ఛార్జింగ్ ఎక్కుతోంది, మౌస్ పనిచేస్తోంది, మానిటర్లు మాత్రం వెలగడం లేదు, కొత్త డాక్ కొనాలా అని అడిగారు. అప్పుడే కొనకండి. తప్పు చాలావరకు కేబుల్‌దే అయి ఉంటుంది. అచ్చం ఇదే బాధ నేనూ పడ్డాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఆ రోజు సోమవారం, తొమ్మిదిన్నరకి క్లయింట్‌తో కాల్. నేను ఇంటి నుంచే, ల్యాప్‌టాప్ మూసిపెట్టి రెండు మానిటర్ల మీదే పనిచేస్తాను. పొద్దున్నే కూర్చుని కేబుల్ గుచ్చితే డాక్ మీద లైటు వెలిగింది, రెండు మానిటర్లూ "నో సిగ్నల్" అని చూపించి ఆరిపోయాయి. మూత తీసి చూస్తే ఛార్జింగ్ గుర్తు ఉంది. కీబోర్డు నొక్కితే అక్షరాలు పడుతున్నాయి. అన్నీ పనిచేస్తుంటే ఎవరికైనా అనుమానం మానిటర్ల మీదకే పోతుంది కదా! హెచ్‌డీఎంఐ వైర్లు పీకి మళ్లీ పెట్టాను, రీస్టార్ట్ చేశాను, డాక్‌కి పవర్ తీసి కాసేపు ఆగి ఇచ్చాను. ఏమీ లాభం లేదు. ఆ కాల్ అంతా చిన్న స్క్రీన్ మీద ఎక్సెల్ గళ్లు వెతుక్కుంటూ గడిపాను.

ఐటీ వాళ్లు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అన్నారు, డాక్ లోపలి ఫర్మ్‌వేర్ అన్నారు, రెండు రోజులకి కొత్త డాక్ పంపారు. పెట్టగానే మానిటర్లు వెలిగాయి. అక్కడితో వదిలేసేవాణ్ణే, కానీ మనసు ఊరుకోలేదు. కొత్త కేబుల్ తీసి పాత డాక్‌కి పెట్టాను. అదీ పనిచేసింది! అప్పుడు పాత కేబుల్ చేతిలోకి తీసుకుని చూశాను. సన్నగా, మెత్తగా, బారెడు పొడుగుంది. డాక్‌తో వచ్చినదేమో లావుగా, బిరుసుగా, మూరెడు దాటి ఉండదు. మా అమ్మాయి ఆదివారం ఫోన్ ఛార్జింగ్‌కి దాన్ని తీసుకెళ్లి, తన కేబుల్ అక్కడ పెట్టింది. రెండింటి మొనలూ ఒకటే, ఆ పిల్ల తప్పేముంది?

టైప్-సి అంటే మొన ఆకారం మాత్రమే. ఫోన్‌తో వచ్చే కేబుళ్లలో చాలావాటిలో యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి, సెకనుకి 480 మెగాబిట్ల వేగం. కీబోర్డుకీ మౌస్‌కీ అది బోలెడు. ఛార్జింగ్ కూడా 60 వాట్ల దాకా పోతుంది. బొమ్మ వెళ్లాల్సిన హైస్పీడ్ తీగలు మాత్రం ఆ కేబుల్‌లో అసలు ఉండవు. లేని తీగకి ఏ డ్రైవర్ వేసి ఏం ప్రయోజనం? 60 వాట్లు దాటాలంటే 5 ఆంపియర్ల కేబులే కావాలి, కాబట్టి "స్లో ఛార్జర్" అని మెసేజ్ వచ్చినా ముందు కేబుల్‌నే అనుమానించండి.

కేబుల్ మీద వేగం, వాట్లు కనబడేలా అచ్చు వేయడానికి ఈ కంపెనీలకి ఏం అడ్డమో నాకు అర్థం కాదు. ల్యాప్‌టాప్ పోర్టులదీ అదే కథ. ప్రతి టైప్-సి పోర్టూ వీడియో ఇవ్వదు. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందేమో చూడాలి, అది కూడా టార్చి వేస్తేగానీ కనబడనంత సన్నగా వేస్తారు.

అన్నట్టు, వైర్‌లెస్ మౌస్ కుదుపులు కుదుపులుగా కదులుతుంటే దాని రిసీవర్‌ని డాక్ వెనకాల యూఎస్‌బీ 3 పోర్టుల దగ్గర పెట్టకండి. వాటి రేడియో రొద మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లో పడి సిగ్నల్‌ని చెడగొడుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ వేసి దూరంగా పెడితే నాకు ఆ కుదుపు పూర్తిగా పోయింది.

మీ కేబుల్ డాక్‌కే అతికించి ఉండేదైతే ఈ అదలాబదలీ కుదరదు. అప్పుడు ల్యాప్‌టాప్ మోడల్, ఏ పోర్టులో గుచ్చుతున్నారో రాయండి, చూసి చెప్తాను.